చాసీ: నొగల నుంచి వెన్నెముక దాకా

జడ్చర్ల చౌరస్తాలో టీ కొట్టు ముందు నిలబడితే ఒకప్పుడు తరచూ కనిపించేది ఆ బండి. క్యాబిన్ లేదు, తలుపుల్లేవు, వెనక తొట్టి లేదు. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, ముందు ఇంజను, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని కూర్చున్న డ్రైవరు. హోసూరు ఫ్యాక్టరీలో తయారై, ఇప్పుడు 44వ నంబరు, పాతవాళ్ల నోట ఇంకా ఏడో నంబరుగానే ఉన్న హైవే మీద కర్నూలు దాటి పైకి పోయే కొత్త లారీ అది. లారీకి అసలు ఒళ్లు ఆ చాసీయే. తక్కినదంతా తర్వాత తొడిగే చొక్కా.

మాట ఫ్రెంచివాళ్లది. 'షాసీ' అంటే చట్రం. వాళ్లు కిటికీ చట్రాన్నీ అదే మాటతో పిలుస్తారు. 1891లో పారిస్‌లో పనార్-లెవస్సోర్ కంపెనీ ఇంజను ముందు పెట్టి, వెనక చక్రాలను తిప్పే కారు చేసింది. ఆనాటి చట్రం కర్రదే, పక్కలకు ఇనుప పట్టీలు బిగించేవారు. మన ఎడ్లబండికి రెండు నొగలు, వాటిని కలుపుతూ అడ్డకర్రలు, కింద ఇరుసు. తొలి కారు చట్రం దీనికి దూరపు చుట్టమేమీ కాదు. 1901లో విల్హెల్మ్ మేబాక్ రూపొందించిన మెర్సిడెస్‌తో అచ్చులో నొక్కిన ఉక్కు చట్రం వచ్చింది. నేటికీ లారీ కింద ఉన్నది నిచ్చెన లాంటి ఆ చట్రమే.

ఆ రోజుల్లో కారు కొనడమంటే చాసీ కొనడమే. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్ తెప్పించుకోవాలనుకున్నారు. 1911లో ఆయన కన్నుమూశారు, బండి 1912 నాటిది. రోల్స్‌రాయిస్ ఇచ్చింది ఇంజనుతో కూడిన చాసీ మాత్రమే. సింహాసనం లాంటి సీటుతో పైనున్న పసుపుపచ్చ ఒళ్లు కట్టింది బార్కర్ కంపెనీ. ఆ బండిని హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు.

తర్వాత కార్లు చాసీని వదిలేశాయి. 1922లో ఇటలీ లాంచియా లాంబ్డాలో ఒళ్లే బరువు మోసింది. మన అంబాసిడర్‌కూ, ఫియట్‌కూ విడి చాసీ లేదు. అందరూ వదిలేసిన కాలంలో దాన్ని మళ్లీ పట్టుకున్న కారు ఒకటుంది: 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. కారు ఒళ్లు చేసిచ్చే కార్ఖానా పోటీ కంపెనీ చేతికి పోవడంతో, ముక్కలు ముక్కలుగా చేయించి చాసీ మీద బోల్టులతో బిగించుకునే పద్ధతి ఎంచుకున్నారు. 1961 నుంచి మద్రాసులో అదే కారు స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారై మన రోడ్ల మీదికొచ్చింది.

ఈ హెరాల్డ్ చాసీనే కాస్త కురచచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. హెరాల్డ్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2324 మిల్లీమీటర్లు, స్పిట్‌ఫైర్‌ది 2108. పక్క కమ్మీలు తీసేసి, నడుమ వెన్నెముకలా ఉన్న చట్రాన్ని మాత్రం ఉంచారు. ఆ కమ్మీలు మోసే బరువును తలుపుల కింది డబ్బా పట్టీలు పంచుకోవాలి. అంటే ఒక మధ్యతరగతి తెలుగింటి హెరాల్డూ, ఇంగ్లండులో కుర్రకారు మోజుపడ్డ ఆ బండీ ఎముకల్లో అన్నదమ్ములు.

చాసీ గట్టిదనం అర్థం కావాలంటే అగ్గిపెట్టె చాలు. లోపలి అర తీసి మెలిపెట్టండి, మెలితిరుగుతుంది. దాన్ని తొడుగులోకి తోసి మెలిపెట్టండి, ఎదురుతిరుగుతుంది. మూడు పక్కలే ఉన్న కమ్మీకి నాలుగో పక్క మూసి డబ్బా చేస్తే మెలిక తట్టుకునే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్పిట్‌ఫైర్ లాంటి స్పోర్ట్స్ కారుకు గట్టి పైకప్పు ఉండదు కాబట్టి మెలికంతా కింది చట్రం మీదే పడుతుంది. మలుపులో చక్రాలు నేలను పట్టాలంటే ఆ చట్రం వంకర పోకూడదు.

ఆ డబ్బాకే ఒక శాపముంది. లోపల చేరిన నీళ్లు, బురద బయటికి రావు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా రాలుతుంది. సుత్తితో తడితే ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే అక్కడ తుప్పున్నట్టే. హెరాల్డ్‌లో ముందుగా పోయేవి వెన్నెముక నుంచి పక్కలకు చాచిన ఇనుప చేతులు.

బాగుచేయాలంటే మొదట టేపు తీయాలి, వెల్డింగు రాడ్డు కాదు. మూల నుంచి మూలకు రెండు కొలతలు తీయండి, వాటిలో తేడా వస్తే చాసీ వంగినట్టు. పైకప్పు లేని బండికి తలుపు సందుల్లో పైపు అడ్డం పెట్టి బిగించాకే కోయాలి, లేకపోతే ఆ తలుపులు మళ్లీ పడవు. ఆ ఇనుప చేతులన్నీ ఒకేసారి కోయకుండా ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి. ఒకచోటే పొడుగ్గా వెల్డింగు చేస్తే వేడికి ఉక్కు గుంజుకుపోతుంది. ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం వేస్తూ చల్లారనివ్వాలి. తుప్పు మీద ప్లేటు కప్పడం మరమ్మతు కాదు, పుండును గుడ్డతో దాచడం.

లారీ చాసీకి పగులొచ్చినప్పుడూ సూత్రం ఇదే. పగులు కొసన చిన్న బెజ్జం వేస్తే అది ముందుకు పాకే అవకాశం తగ్గుతుంది. వేసే ప్లేటు కొసలు నిలువుగా కోస్తే సరిగ్గా ఆ గీత దగ్గరే రేపు మళ్లీ విరుగుతుంది, ఏటవాలుగా కోస్తే బరువు మెల్లగా సర్దుకుంటుంది. ఇది తెలిసిన హైవే పక్క వెల్డరు పాత స్పోర్ట్స్ కారుకూ పనికొస్తాడని నా గట్టి నమ్మకం. పలచటి రేకుకు తగ్గట్టు చేయి తేలిక చేసుకుంటే చాలు.

మద్రాసులో హెరాల్డ్ తయారీ 1971లోనే ఆగింది. వాటన్నిటికీ యాభై ఏళ్లు నిండాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు, చాసీ రూపం మార్చి ఉండకపోతేనే. మీ ఇంటి వెనక షెడ్డులో అలాంటి బండి ఉంటే, తుక్కువాడిని పిలిచే ముందు చాసీ నంబరు పలకను శుభ్రంగా తుడిచి చూడండి. బలపరచండి, కుళ్లిన ముక్క మార్చండి. ఆ నంబరునూ, ఆ ఆకారాన్నీ మాత్రం ముట్టుకోకండి.