మాంట్‌గోమరీ బస్సులు – జో ఆన్ రాబిన్సన్

అమెరికాలో నల్లజాతివారి హక్కుల పోరాటం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తారు, తర్వాత రోసా పార్క్స్. జో ఆన్ రాబిన్సన్ పేరు చాలామందికి తెలీదు.

ఈమె అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో కాలేజీ టీచరు, అక్కడి స్త్రీల రాజకీయ మండలికి అధ్యక్షురాలు. ఆ ఊరి బస్సుల్లో తెల్లవాళ్ళకి సీట్లు చాలకపోతే నల్లజాతివాళ్ళు లేచి నిలబడాలి. ఇలాగే ఉంటే బస్సులెక్కడం మానేద్దామని పాతికకు పైగా సంఘాలు ఆలోచిస్తున్నాయని ఆమె 1954 మే నెలలోనే మేయరుకి ఉత్తరం రాశారు. అంటే పార్క్స్ అరెస్టుకి ఏడాదిన్నర ముందే!

1955 డిసెంబరు 1న పార్క్స్ అరెస్టయ్యారు. ఆ రాత్రే రాబిన్సన్ కాలేజీకి వెళ్ళి, ఒక తోటి టీచరు, ఇద్దరు విద్యార్థుల సాయంతో సైక్లోస్టైల్ మిషన్ మీద వేలకొద్దీ కరపత్రాలు తీశారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని అందులో ఉంది. అది ప్రభుత్వ కాలేజీ, బయటపడితే ఉద్యోగం పోవచ్చు. అయినా తెల్లారాక ఊరంతా పంచేశారు. కింగ్‌ని నాయకుడిగా ఎన్నుకున్నది ఆ సోమవారం మధ్యాహ్నం. అప్పటికే పొద్దున్నుంచి బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి.

జనం 381 రోజులు బస్సెక్కలేదు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్ళతో కలిసి తిండి వండి అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చింది. చివరికి కోర్టులో గెలిచిన కేసులో ఫిర్యాదీలు కూడా నలుగురు ఆడవాళ్ళే. వాళ్ళలో క్లాడెట్ కాల్విన్ పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే సీటు వదలనని అరెస్టయింది. అప్పుడామెకి 15 ఏళ్ళు, మా క్లాసు వయసే. కానీ పెద్దలు ఆ అమ్మాయిని ముందు నిలబెట్టలేదు.

రాబిన్సన్ 1960లో ఆ కాలేజీ వదిలి వెళ్ళారు. ఆ రాత్రి సంగతులు ఆమె పుస్తకంగా వచ్చేసరికి 1987 అయింది.