పాత జీపుకు కొత్త రూపం ఇస్తున్నారా? గ్యారేజీకి వెళ్లేముందు ఆర్‌సీ తెరిచి చూడండి

ఒకప్పుడు పల్లెల నుంచి సంతకు మనుషుల్ని, తోటల నుంచి మామిడికాయల్ని మోసిన మహీంద్రా జీపులు ఇప్పుడు తిరుపతి, చిత్తూరుల్లో ఆదివారం సరదా బండ్లుగా మారుతున్నాయి. టాపు తీసేసి, వెడల్పాటి టైర్లు వేసి, ముందు ఇనుప గార్డు బిగించి, మిలిటరీ పచ్చ రంగు కొట్టిస్తే బండి చూడటానికి బాగుంటుంది. కానీ ఈ నాలుగు పనుల్లో రెండు నేరుగా నిబంధనలకు విరుద్ధం. మిగతా రెండు కూడా ఆర్‌సీలో ఏముందన్న దాన్నిబట్టి తర్వాత తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు.

ముందు ఆ రెండింటి సంగతి. జీపు ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని, వాటిపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితమని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం చెబుతోంది. ఆర్మీ వేలంలో కొన్న జోంగా అయినా, జిప్సీ అయినా సొంత వాడకానికి వచ్చాక ఆ రంగు మార్చాల్సిందే. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు, కానీ రెన్యువల్ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సింది ఆ బండినే.

అసలు 'మార్పు' అంటే ఏమిటి?

బండి తయారైనప్పుడు కంపెనీ ఇచ్చిన వివరాలు, ఆర్‌సీలో నమోదైన వివరాలు వేర్వేరు అయ్యేలా యజమాని మార్పులు చేయకూడదన్నది 52వ సెక్షన్ సారాంశం. నిర్మాణంలో చేసిన మార్పు వల్ల బండి మౌలిక స్వరూపమే మారితే చట్టం దాన్ని ఆల్టరేషన్‌గా చూస్తుంది. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషన్ కోసం కంపెనీ పేర్కొన్న వివరాలను మార్చడం కుదరదని, రాష్ట్ర నిబంధనల పేరుతో కూడా ఆ వెసులుబాటు లేదని తేల్చింది.

అయితే సీటు కవరు మార్చినా నేరమేనా? కాదు. అరిగిన భాగం తీసి అదే రకం కొత్తది వేయడం, తుప్పు పట్టిన ఫ్లోరు కోసి కొత్త రేకు అతికించడం, వైరింగ్ మొత్తం మార్చడం మరమ్మతు కిందికే వస్తాయి. బండి రంగు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి రంగు మార్చినప్పుడు ఆ సంగతి ఆర్టీఏ ఆఫీసుకు చెప్పి నమోదు చేయించుకోవాలి. చాసిస్ పొడవు పెంచడం, తగ్గించడం, హార్డ్‌టాప్ బండిని ఓపెన్ బాడీగా కోసేయడం, సీట్ల సంఖ్య మార్చడం మాత్రం ప్రమాదకరమైన కోవలోకి వస్తాయి. మీ ఆర్‌సీ తీసి చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, బాడీ రకం, సీట్లు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు, రంగు అన్న గళ్లు ఒక్కొక్కటీ చూడండి. చేయించబోయే పని వీటిలో దేన్ని తాకినా, పని మొదలు కాకముందే రవాణా శాఖను అడగాలి. పని అయ్యాక అడిగితే బండిని మళ్లీ పాత రూపానికి తెమ్మని చెప్పే అవకాశం ఉంది.

అనుమతి లేని మార్పులకు 2019 సవరణ చట్టం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చెబుతోంది. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అంగీకారం కూడా కావాలి.

ఇంజిన్ దగ్గరే ఎక్కువ మంది చిక్కుకుంటారు

పాత పెట్రోల్ జీపు కొని డీజిల్ ఇంజిన్ పెట్టించడం, ఎంఎం 540లో ఉండే పాత ప్యూజో ఇంజిన్ తీసి డీఐ ఇంజిన్ వేయించడం చాలా ఏళ్లుగా జరుగుతున్నవే. ఇంజిన్ మారితే ఇంజిన్ నంబరు మారుతుంది. ఇంధనం కూడా మారితే ఆర్‌సీలో రెండు గళ్లు తప్పయినట్టే. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే అనుమతి తీసుకుని నమోదు చేయించుకోవడానికి దారి ఉంటుంది. వేరే కంపెనీ ఇంజిన్ తెచ్చి బిగిస్తే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంధనం మార్చే కిట్లకు, బ్యాటరీతో నడిచేలా మార్చే కిట్లకు చట్టంలో వేరే వెసులుబాటు ఉంది, కానీ ఆమోదం పొందిన కిట్ అయి ఉండాలి. నమోదు కావాల్సిన మార్పు ఏదైనా జరిగితే 14 రోజుల్లోగా మీ పరిధిలోని రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలని చట్టం చెబుతోంది.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కొంటే బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో చూపే కాగితాలు తప్పకుండా తీసుకోండి. ఇంజిన్ తక్కువ ధరకు దొరికిందంటే కాగితాలు లేవనే ఎక్కువసార్లు అర్థం. దొంగ బండి ఇంజిన్ మీ జీపులో దొరికితే, మీకు తెలియదన్న మాట నిరూపించుకోవాల్సింది మీరే.

కాగితాలు సరిగ్గా ఉన్నా సాంకేతికంగా ఒక తేడా మరిచిపోకూడదు. బ్రేక్ బూస్టరు పని చేయడానికి వ్యాక్యూమ్ కావాలి. పెట్రోల్ ఇంజిన్ ఆ వ్యాక్యూమ్‌ను తనంతట తానే ఇస్తుంది. డీజిల్ ఇంజిన్ ఇవ్వదు, దానికి విడిగా వ్యాక్యూమ్ పంప్ ఉండాలి. ఆ పంపు లేకుండా ఇంజిన్ మార్చేస్తే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బండి ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపు తెలియదు. మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో దిగుతున్నప్పుడు తెలుస్తుంది.

టైర్ల కంటే ముందు బ్రేకులు

జీపు కొన్నవారు మొదట డబ్బు పెట్టేది టైర్ల మీద. నిజానికి అది చివర్లో చేయాల్సిన ఖర్చు. పాత జీపులకు చాలావరకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. కొన్ని పాతకాలపు మోడళ్లలో మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్‌కు ఒకటే లైను ఉంటుంది కాబట్టి ఒక పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. స్టీరింగ్‌కు పవర్ సాయం ఉండదు, కింద కమాను కట్టలు. ఇలాంటి బండికి బరువైన పెద్ద టైర్లు వేస్తే బ్రేకులు ఆపాల్సిన భారం పెరుగుతుంది, స్టీరింగ్ జాయింట్లు త్వరగా అరుగుతాయి.

లెక్క కూడా చూడండి. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే చుట్టుకొలత సుమారు 11 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 66 దాటి పోతుంటుంది. కిలోమీటర్ల రీడింగూ తక్కువే చూపుతుంది, మైలేజీ పడిపోయిందని మెకానిక్‌ను తిట్టుకునేవారు ఈ సంగతి కూడా చూసుకోవాలి.

కాబట్టి క్రమం ఇలా ఉంటే మంచిది. ముందు చాసిస్‌లో పగుళ్లు, తుప్పు. తర్వాత బ్రేక్ పైపులు, సిలిండర్లు, లైనింగులు. ఆ తర్వాత స్టీరింగ్, కమాను కట్టలు, వాటి షాకిల్ బుష్‌లు. అప్పుడు వైరింగ్. ఇరవై, ముప్పై ఏళ్ల వైరింగ్ మీద రిలే, ఫ్యూజు లేకుండా ఎల్ఈడీ బార్ లైట్లు తగిలించడం మంటను కొనితెచ్చుకోవడమే. రంగు, సీట్లు, టైర్లు ఆఖరున చూసుకోవచ్చు. రాయలసీమ పొడి వాతావరణంలో తిరిగిన బండి చాసిస్ సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. చెన్నై తీరంలో తిరిగిన జీపు కొంటుంటే మాత్రం బండి కిందికి దూరి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

చాసిస్ నంబరు విషయంలో మరో జాగ్రత్త. ఇసుకతో తుప్పు గీకడం, పుట్టీ పెట్టడం, మందంగా రంగు వేయడం వల్ల చాసిస్ మీద గుద్దిన అంకెలు చెరిగిపోతుంటాయి. పని మొదలుపెట్టే ముందే ఆ నంబరుకు ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసుకుని ఉంచుకోండి. అంకెలు చదవలేని స్థితిలో ఉంటే గ్యారేజీలో సొంతంగా గుద్దించొద్దు. ఆర్టీఏ ఆఫీసుకు దరఖాస్తు చేసి, వారి అనుమతితోనే చేయించాలి. లేదంటే మరమ్మతు కాస్తా ట్యాంపరింగ్ కేసుగా మారుతుంది.

15 ఏళ్లు దాటితే తుక్కేనా?

కాదు. ఇది చాలామందిలో ఉన్న అపోహ. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. బండి కండిషన్‌లో ఉంటే ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చూపాలి, పెండింగ్ చలానాలు, పన్ను బకాయిలు తీర్చాలి, హరిత పన్ను కట్టాలి. బండిని ఆఫీసుకు తీసుకెళ్లి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. మన దగ్గర జనం ఇప్పటికీ ఆయన్ను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు.

ఫీజులు పెరిగాయి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కార్లు, జీపుల వంటి తేలికపాటి వాహనాలకు రెన్యువల్ ఫీజు రూ.5,000 అయింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటినవాటికి అది రూ.10,000కు చేరింది. దిగుమతి చేసుకున్న నాలుగు చక్రాల వాహనమైతే రూ.80,000. జీఎస్టీ అదనం. ఆలస్యమైతే నెలకు రూ.500 చొప్పున అదనపు ఫీజు పడుతుంది. అంటే 2001లో రిజిస్టరై, 2016లో, 2021లో రెన్యువల్ అయిన జీపుకు 2026లో మళ్లీ వంతు వచ్చినప్పుడు పాత ఫీజు అనుకుని వెళ్తే కుదరదు. గడువు తీరిన ఆర్‌సీతో నడిపితే రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినట్టే, మొదటిసారి జరిమానా రూ.5,000 వరకు.

ఐదేళ్లుగా ఎవరూ పట్టించుకోని మార్పులన్నీ బయటపడేది ఈ రోజే. ఇంజిన్ నంబరు కలవకపోయినా, సీట్లు ఎక్కువున్నా, బాడీ వేరుగా ఉన్నా రెన్యువల్ ఆగుతుంది. అందుకే జీపు కొనేటప్పుడు రెన్యువల్‌కు ఇంకా ఎంతకాలం ఉందో చూసి, వీలైతే రెన్యువల్ అయ్యాకే డబ్బు పూర్తిగా ఇవ్వడం మేలు.

కమాండర్ జీపులు కొనేవారికి మరో మెలిక. వీటిలో చాలావరకు ఒకప్పుడు ఎల్లో ప్లేటు మీద తిరిగినవి. సొంతానికి వాడుకోవాలంటే పర్మిట్ సరెండర్ చేసి, పన్ను బకాయిలు కట్టి, వైట్ ప్లేటుకు మార్పించుకోవాలి. బోర్డు మీద రంగు మార్చినంత మాత్రాన అది సొంత బండి కాదు.

బయటి రాష్ట్రం నుంచి తెప్పిస్తే

హరియాణాలోని మండీ డబ్వాలీ ఓపెన్ జీపులకు పేరున్న ఊరు. మెరిసే కొత్త బాడీతో జీపు తయారుచేసి ఇస్తారు. వీడియో చూసి మురిసిపోయి డబ్బు పంపేముందు ఒక ప్రశ్న వేసుకోండి. బాడీ కొత్తది, ఇంజిన్ మరోచోటిది, అలాంటప్పుడు ఆర్‌సీ ఏ బండిది? ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరే ఆ బండి చాసిస్ మీద ఉందా? ఉందనుకున్నా, ఆ రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి, మన ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేయాలి. ఈ కాగితాలన్నీ కుదరకపోతే లారీ కిరాయి కూడా వృథా.

50 ఏళ్లు దాటిన జీపు ఉన్నవారికి 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు వర్తించొచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక సిరీస్, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, పదేళ్ల గడువు. కానీ చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉండాలి. రోజువారీ వాడకానికీ కుదరదు. తాతగారి విల్లీస్‌కు డీజిల్ ఇంజిన్ పెట్టించాలని చూస్తున్నవారు ఈ ఒక్క కారణానికైనా కాస్త ఆగాలి.

కొండ మీదికి, అడవిలోకి

తిరుమలకు వెళ్లే వాహనాలకు 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ట్యాగు ఆర్‌సీ వివరాల మీదే ఇస్తారు కాబట్టి పేరు మార్పించని, గడువు తీరిన ఆర్‌సీ ఉన్న జీపుకు అలిపిరి దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. కిందికి వచ్చేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో. డ్రమ్ బ్రేకుల బండిని అక్కడ పెడల్ మీదే దించితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. తక్కువ గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌తో దించాలి, న్యూట్రల్ అసలే వద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని తలకోన చుట్టుపక్కల దారి లేని చోటికి దూరడం మరో పొరపాటు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ప్రాంతం, అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా శేషాచలం చుట్టూ ఎర్రచందనం నిఘా ఎప్పుడూ ఉంటుంది. కాగితాలకు సరిపోలని బండి అక్కడ దొరికితే మామూలు చలానాతో వదలరు. అటవీ నేరంలో వాడారని తేలితే బండినే జప్తు చేసే అధికారం రాష్ట్ర అటవీ చట్టంలో ఉంది.

ఇన్సూరెన్సు కంపెనీకీ మార్పుల సంగతి రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో ఎండార్స్‌మెంట్ వేయించుకోండి. చెప్పకుండా దాచిన మార్పును చూపి సొంత డ్యామేజీ క్లెయిమును తిరస్కరించే వీలుంది. అందుకే గ్యారేజీ బిల్లులు, పనికి ముందు, తర్వాత తీసిన ఫొటోలు, ఆర్టీఏ ఇచ్చిన అనుమతి కాపీ అన్నీ ఒకే ఫైల్లో ఉంచాలి. బండి అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడగాల్సింది కూడా ఆ ఫైలే.