దుంగల ఇంటి బొంత

పొందిక లేని పనిని మనం 'అతుకుల బొంత' అంటాం. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు అమెరికాలో ఉండి అక్కడి బొంతలు చూశాక ఆ మాట నాకు అంత తేలిగ్గా నోటికి రావడం లేదు. ఈ స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, వాటిలో ఒకదాని గురించే రాస్తున్నాను. మన బడిలో కుట్టు పీరియడ్ ఆడపిల్లలకే ఉండేది, మమ్మల్ని గ్రౌండుకు తోలేవారు. కనుక నాతో చదివిన అమ్మాయిలకు ఇందులో కొంత తెలిసిన సంగతే కావచ్చు.

దాని పేరు లాగ్ క్యాబిన్, అంటే దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. నడుమ ఒక చిన్న చదరపు గుడ్డ, తరచుగా ఎర్రది. అది ఇంట్లోని పొయ్యికి గుర్తని చెబుతారు. దాని చుట్టూ పీలికలు ఒక్కొక్కటే కుట్టుకుంటూ పోవాలి. పక్కపక్కనున్న రెండు వైపులా లేత రంగు, మిగతా రెండు వైపులా ముదురు రంగు. పూర్తయ్యేసరికి గడి ఐమూలగా సగం వెలుగు, సగం నీడ. ఆ గడులను ఎటు తిప్పి పేరిస్తే అటు కొత్త నమూనా వస్తుంది. ఏటవాలు చారలుగా వస్తే దాన్ని నాగటి చాలు అన్నారు.

నన్ను పట్టేసింది మాత్రం కొలత. 1½ అంగుళాల పీలికలు, పావు అంగుళం మార్జిన్, 4 చుట్లు అనుకోండి. అడ్డంగా 9 ముక్కలు, 8 కుట్లు. గడి 9½ అంగుళాలు రావాలి. ప్రతి కుట్టూ అంగుళంలో 16వ వంతు లోపలికి జరిగితే 8½ అంగుళాలే వస్తుంది, పక్క గడితో కలవదు. 19వ శతాబ్దపు ఆడవాళ్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. ఒకే కొలతకు కత్తిరించిన పాత గుడ్డ అడుగున పెట్టి, పీలికలను దానిమీదే కుట్టారు. ఇక ఎంత చిన్న ముక్కయినా, ఎంత పలచని గుడ్డయినా పనికొచ్చేది. 1860 ఎన్నికల్లో లింకన్ దుంగల ఇంట్లో పుట్టాడన్న ప్రచారం ఆ పేరుకు ఊపు ఇచ్చి ఉండొచ్చు గానీ, నమూనా అంతగా పాకడానికి ఈ అడుగు గుడ్డే కారణమని నా నమ్మకం.

1999లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకంతో ఒక కథ బాగా ప్రచారమైంది. పారిపోతున్న బానిసలకు బొంతలతో రహస్య సంకేతాలు ఇచ్చేవారట. నడుమ నల్ల గడి ఉన్న లాగ్ క్యాబిన్ వేలాడదీస్తే ఆ ఇంట్లో తల దాచుకోవచ్చని అర్థమట. వినడానికి బాగుంది, అక్కడి బడిపిల్లలకూ చెప్పారు. కానీ చరిత్రకారులు ఒప్పుకోలేదు. పారిపోయి వచ్చినవారి వివరాలను విలియం స్టిల్ స్వయంగా రాసిపెట్టి 1872లో అచ్చువేశాడు. అందులో ఈ సంకేతాల ఊసే లేదు. పైగా ఈ నమూనా బాగా వాడుకలోకి వచ్చింది 1860ల్లో; 1865లో బానిసత్వమే రద్దయింది. మన సోషల్ మాస్టార్లు ఈ లెక్క ఒక్క నిమిషంలో తేల్చేవారు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. లేని సంకేతాలకు దక్కిన పేరు ఉన్న బొంతలకు చాలాకాలం దక్కలేదు. అలబామాలో నది ఒంపులో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి బానిసల సంతతి స్త్రీలు ఇదే పద్ధతిని 'హౌస్‌టాప్' పేరుతో తరాలుగా కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శన జరిగాకే దేశం వాటిని చూసింది. 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. పొలం పనికి తొడిగి అరగదీసిన ప్యాంట్లు విప్పి కుట్టినవి కొన్ని ఉన్నాయి. గుడ్డంతా వెలిసిపోయినా, జేబు ఉండిన చోట మాత్రం నీలం అలాగే ఉంది.