బల్లమీద దేశం: పటాల మానాన్ని గురించి

దేశాన్ని బల్లమీద పరచదలచినవాడు ముందుగా తేల్చుకోవలసినది ఏ కొండను గీయాలి, ఏ నదిని గీయాలి అన్నది కాదు; ఎన్ని మైళ్ళ నేలను ఒక అంగుళంలో ఇమడ్చాలి అన్నది. పటానికి మానమనీ, వాడుకలో స్కేలనీ పేరుగల ఈ నిర్ణయం పైకి లెక్కల వ్యవహారంగా తోస్తుంది. కాని ఏది కంటికి ఆనాలి, ఏది ఆనకూడదు అనే తీర్పు ఆ లెక్కలోనే జరిగిపోతున్నది.

ఈ సమస్యను ఆటలు కల్పించినవారు తేటగా ఎదుర్కొన్నారు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ తన యుద్ధక్రీడకు 1:8,000 మానంగల పటాలను వాడినాడు. అనగా మైలు నేలకు దాదాపు 8 అంగుళాల కాగితం. ఒక దళం మిట్టచాటున దాగగలదా, వాగు దాటగలదా అని తేల్చటానికి అంత వివరం కావలసివచ్చినది. నూటయాభై ఏండ్ల తరువాత, 1974లో, అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు అవసరం వేరు. అందులో ఆటగాళ్ళు తలా ఒక పాత్ర ధరించి, ముందుగా కట్టిన కథ లేకుండానే, తెలియని దేశంలో తమకు తోచిన దిక్కుకు సాగిపోవచ్చును. అందుకై ఆ దేశాన్ని ఆరు భుజాల గళ్ళుగా విభజించి, గడి ఒక్కింటికి 5 మైళ్ళ వెడల్పనీ, కాలినడకన పోయేవాడు రోజుకు 3 గళ్ళు దాటుననీ వారు నియమం చేసినారు. సేనాధిపతికి పొలంగట్టు ముఖ్యం. బాటసారికి ఒక పగటి ప్రయాణం ముఖ్యం. ఎవరు ఏమి నిర్ణయించవలసి ఉన్నదో దానినిబట్టియే మానం ఏర్పడుతుంది.

ఆటలో మానం తప్పితే పోయేది ఒక సాయంకాలం. నిజమైన నేలమీద తప్పితే పోయేవి ఏండ్లూ, ఊళ్ళూ. ఈ సంగతికి టాటానగరు పుట్టుకకంటె మంచి నిదర్శనం దొరకదు. అజ్ఞాతమైన అడవిదేశంలో ఇనుపరాయికోసం, నీటికోసం సాగిన వెదకులాట అది. అందులో ప్రశ్న మారినప్పుడెల్లా పటం మారవలసివచ్చినది.

1904లో జంషెడ్జీ టాటా కుమారుడైన దోరాబ్జీ, అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడైన వెల్డ్ మధ్యపరగణాలలోని చాందా జిల్లాలో అన్వేషించి విఫలులైనారు. అక్కడ ఖనిజం లేకపోలేదు. పెద్ద కర్మాగారానికి చాలినంత లేదు. ఆ వార్త తెలుపటానికి నాగపూరు వెళ్ళిన దోరాబ్జీ, అధికారి దర్శనం వెంటనే లభించనందున, దాపుననున్న మ్యూజియంలో అడుగుపెట్టినాడు. అక్కడ ఆ పరగణాల భూగర్భపటం ఒకటి రంగులతో వేసి ఉన్నది. అందులో దుర్గ్ జిల్లాలో ఒకచోట ఇనుమును సూచించే ముదురురంగు ఆయన కంటబడినది. ఆ ప్రాంతపు ఖనిజాన్ని 1887లోనే ప్రమథనాథ బోసు గుర్తించి ఉండినాడు. పరగణాలన్నింటినీ ఒక్క చూపులో ఇముడ్చుకొన్న చిన్నమానపు పటమే అట్టి మేలు చేయగలదు. ఊరూరి పటాలను గుట్టగా పోసి వెదకినవాడికి ఆ రంగు కంటబడేదే కాదు. అయితే రంగు రాయి కాదు. ధల్లీ రాజహరా కొండలు నిజంగా ఇనుపకొండలేనని వెల్డ్ అక్కడికి పోయిన తరువాతనే రూఢి అయినది. బొగ్గు, నీరు, ఖనిజం మూడూ అందుబాటులో కలసిరానందున కర్మాగారం అక్కడ వెలయలేదు. దశాబ్దాల తరువాత ఆ ఖనిజమే భిలాయికి ఆధారమైనది. అక్కడి తొలి కొలిమి 1959లో వెలిగినది.

1904 ఫిబ్రవరి 24న, అప్పటికి మయూర్‌భంజ్ సంస్థానపు కొలువులో ఉన్న ప్రమథనాథ బోసు, గురుమహిసాని కొండలోని ఇనుమును గురించి జంషెడ్జీకి లేఖ వ్రాసినాడు. జంషెడ్జీ ఆ మే నెలలోనే కాలధర్మం చెందినా అన్వేషణ ఆగలేదు. గురుమహిసాని నిక్షేపం రూఢి అయిన పిమ్మట ప్రశ్నే మారినది. ఇనుము ఎక్కడ ఉన్నది అన్నది కాదు. ఇనుము, బొగ్గు, నీరు, రైలుమార్గం ఎక్కడ కలుసుకొంటవి అన్నది. మొదట సీనీ అనే చోటును తలపోసినారు. 1907 చివర వెల్డ్, శ్రీనివాసరావు మొదలగువారు సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటికి చేరువనున్న సాక్చి గ్రామాన్ని కనుగొన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కాళీమాటి స్టేషను దానికి సమీపంలోనే ఉన్నది.

గురుమహిసానికీ సాక్చికీ నడుమ సుమారు 45 మైళ్ళు. ఈ ఒక్క దూరాన్ని వేర్వేరు మానాలలో కొలిస్తే విషయం బోధపడుతుంది. 4 మైళ్ళు అంగుళమైతే అది జానెడు దాటి 11 అంగుళాలకు మించుతుంది. కొండ, నది, రైలుమార్గం ఒకే చూపులో నిలుస్తవి, సాక్చి మాత్రం ఒక చుక్క. మైలుకు అంగుళమైతే 45 అంగుళాలు. బల్ల నిండుతుంది, వాగులూ మిట్టలూ తేటపడతవి. బెంగాలు, బీహారు భూమి సర్వేలలో వాడిన మైలుకు 16 అంగుళాల మానంలోనైతే 60 అడుగులు; ఆ పటం పరచటానికి ఇల్లు చాలదు. 5 మైళ్ళ గళ్ళలో లెక్కించే ఆటగాడికి మాత్రం అది 9 గళ్ళు, 3 దినాల నడక.

కాని ఆ 60 అడుగుల పటానికీ అవసరం కలిగినది. 1907 ఆగస్టు 26న కంపెనీ రిజిస్టరైనది. 1908లో నిర్మాణం సాగినది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కుదిమ్మ వెలువడినది. అంతకుముందే నేలను సేకరించవలసి ఉన్నది. సంతాలులు, హోలు, భూమిజులు దున్నుకొన్న మళ్ళూ, వారి గుడిసెలూ, చెరువులూ చిన్నమానపు పటంలో లేవు. పెద్దమానపు పటంలో ప్రతి మడికీ ఒక సంఖ్య ఉన్నది, దానికొక మనిషి ఉన్నాడు. కర్మాగారం ఎక్కడ వెలయాలో చుక్కలు కనిపించే పటంమీద నిర్ణయమైనది. ఆ నిర్ణయాన్ని భరించినవారు మడులు కనిపించే పటంమీద నివసించినారు. ఊరిని చుక్కగా చూసినవాడికి తాను తొలగించేది ఏమో తెలియదు.

నగరం పెరిగినకొద్దీ ఈ ఎరుకా పెరిగినది. 1919 జనవరి 2న సాక్చికి జంషెడ్‌పూరు అని నామకరణం జరిగినది. కాళీమాటి స్టేషను టాటానగరు అయినది. ఆ దశాబ్దపు చివర నగరనిర్మాణానికి పూనుకొన్న టెంపుల్ నేలవాలును అనుసరించి వీథులను కూర్చదలచినాడు. ఆదివాసి శ్రామికులు తమ ఇండ్లను తామే కట్టుకొనేందుకు ఆరు భుజాల వాడలను సూచించినాడు. 1940లలో కోనిగ్స్‌బర్గర్ ఇరుగుపొరుగు కలిసి మెలిగే పేటను ప్రమాణంగా తీసుకొని నూతన ప్రణాళిక రచించినాడు. మైళ్ళనుండి మనిషి అడుగులదాకా మానం దిగివచ్చినది.

కావున, స్వేచ్ఛగా తిరుగాడే ఆటకు దేశాన్ని సృష్టించేవాడికి ఈ చరిత్ర చెప్పే మాట సులభమైనది. ఒకే మానం అన్నిటికీ చాలదు. దిక్కు ఎంచుకోవటానికి దినప్రయాణాన్ని గడిగా చేసిన పటం ఒకటి కావాలి. అడుగుపెట్టిన చోటికి ఇల్లిల్లూ కనిపించే పటం మరొకటి కావాలి. దేశమంతటినీ రెండవ మానంలో గీయబూనినవాడి ఆట ఎన్నటికీ మొదలుకాదు. మొదటి మానంతోనే తృప్తిపడినవాడి దేశంలో మనుషులుండరు. ఒక పటంనుండి మరొక పటంలోకి దిగే వేళను గుర్తెరుగుటయే మానాన్ని ఎంచుకోవటంలోని నేర్పు.