లైసెన్సుల కన్నా కంపెనీయే చవక!

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బుల్లేక, తెలిసినవాళ్ల పెన్‌డ్రైవ్‌లోంచి క్రాక్ కాపీ వేసుకున్నా. వైరస్ వచ్చి ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం పోయింది. సబ్మిషన్‌కి రెండే రోజులు! ఒక ఫ్రెండ్ లిబ్రే ఆఫీస్ వేసిచ్చాడు. ఫ్రీ అంటే నమ్మలేదు. కానీ దీని వెనక భలే కథ ఉంది.

జర్మనీలో మార్కో బోరీస్ అనే కుర్రాడు 16 ఏళ్లకే స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. స్టార్ ఆఫీస్ వాళ్లదే. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొనేసింది. ఎందుకో తెలుసా? అప్పుడు సన్‌లో దాదాపు 42 వేల మంది ఉద్యోగులు. అంతమందికీ మైక్రోసాఫ్ట్ లైసెన్సులు కొనే బదులు, ఏకంగా ఓ కంపెనీని కొనడమే చవక అనుకున్నారని సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ తర్వాత చెప్పారు.

2000లో సోర్స్ కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. అదే ఓపెన్ ఆఫీస్. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఇక దీని గతేంటన్న దిగులుతో చాలామంది డెవలపర్లు బయటికొచ్చి, అదే కోడ్‌తో లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు. కోడ్ అందరిదీ కాబట్టే అది సాధ్యమైంది.

రిపోర్ట్ రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైప్ చేశా. అంత పెద్ద కంపెనీకే లైసెన్సులు బరువయ్యాయి, మనకైతే సిగ్గేముంది? దొంగ కాపీ మాత్రం వద్దు.