మంచు రాష్ట్రంలో పూల పంట: అలాస్కా పియోనీ కథ

చలికాలంలో మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోయే ఊరు. అక్కడ పూలు పండించి అమ్ముకోవచ్చా? ఈరోజు కథ అదే.

1867లో అమెరికా, రష్యా దగ్గర్నుంచి అలాస్కాని 72 లక్షల డాలర్లకి కొన్నది. ఈ మంచుగడ్డ మనకెందుకని అప్పట్లో కొందరు ఎగతాళి చేశారు కూడా. సరే, ఇప్పుడు 1990ల చివరికి వద్దాం. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా యూనివర్సిటీలో పాట్ హాలోవే అని ఉద్యాన శాస్త్రవేత్త ఉన్నారు. ఒక సదస్సులో ఆవిడ మాటల మధ్యలో, మా దగ్గర పియోనీలు జూలైలో పూస్తాయని చెప్పారు. పూల వ్యాపారం తెలిసినవాళ్లకి ఆ ఒక్క మాట చాలు!

ఎందుకంటే పియోనీ అంటే ముద్దబంతిలా నిండుగా రేకులుండే పెద్ద పువ్వు. పెళ్లి బొకేల్లో దానికి మంచి గిరాకీ. కానీ చలికాలంలో దాని దుంప బాగా చల్లబడితేనే పూస్తుంది. అందుకే మన విజయవాడ, వరంగల్ ఎండల్లో అది కుదరదు. నెదర్లాండ్స్ పంట జూన్ కల్లా దాదాపు అయిపోతుంది. న్యూజిలాండ్, చిలీ పూలు రావాలంటే అక్టోబర్ దాటాలి. మధ్యలో మార్కెట్ ఖాళీ! అమెరికాలో పెళ్లిళ్లేమో ఆ నెలల్లోనే జోరు.

టమాటా రైతునడగండి, చెప్తాడు. అందరికీ ఒకేసారి పంటొస్తే ధర ఉండదు. ఎవరి దగ్గరా లేనప్పుడు మన దగ్గరుంటే, అదే లాభం.

2001లో హాలోవే ప్రయోగంగా మొక్కలు నాటించారు. అక్కడ మంచే దుంపలకి దుప్పటి. వేసవిలో రోజుకి దాదాపు 22 గంటల వెలుతురు. ముందు ఫెయిర్‌బ్యాంక్స్‌లో పూస్తే, ఆ తర్వాత దక్షిణాన సముద్రం పక్కనున్న హోమర్‌లో పూస్తాయి. మొగ్గగా ఉండగానే కోసి, చల్లటి గదిలో పెట్టి, విమానంలో పంపిస్తారు.

అయితే ఇది ఈజీ మనీ కాదు. నాటాక సుమారు మూడేళ్లు ఆగాలి. అప్పటిదాకా ఖర్చే తప్ప రాబడి లేదు. ఇంకో భయం కూడా ఉంది. వాతావరణం వేడెక్కి పూలు తొందరగా పూస్తే, అందరితో పాటే మార్కెట్‌కి రావాల్సి వస్తుంది. వాళ్ల అసలు ఆస్తి పువ్వు కాదు, అది పూసే తేదీ.

చలిని అందరూ శాపమన్నారు. ఈ రైతులకి ఇప్పుడు ఆ చలి తగ్గితేనే కష్టం.