ఉచితం, స్వేచ్ఛ, కర్తృత్వం: స్వతంత్ర వీడియో గేముల ఉమ్మడి చిత్రకళ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకరిద్దరు కలిసి తయారుచేసే స్వతంత్ర వీడియో గేములకు కావలసిన బొమ్మలను, శబ్దాలను, అక్షరరూపాలను ఇతరులు స్వేచ్ఛగా వాడుకునేలా పంచిపెట్టే సంప్రదాయం గత పాతికేళ్లలో రూపుదిద్దుకుంది. ఆ సంప్రదాయ పరిణామాన్ని ప్రధాన ఘట్టాల ద్వారా పరిశీలించి, అందులో కర్తృత్వ ప్రకటనకు గల స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో గేములు, ఉమ్మడి చిత్రకళ, లైసెన్సు, కర్తృత్వం, ఔచిత్యం, తెలుగు ఖతులు.

1. ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే ఒకే మాట వెల లేకపోవడాన్ని, స్వేచ్ఛ కలిగి ఉండడాన్ని కూడా సూచిస్తుంది. తెలుగులో ఈ రెంటికీ ఉచితం, స్వేచ్ఛ అనే వేర్వేరు మాటలున్నాయి. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకోవడంలో ఈ భేదస్పృహ కనిపిస్తుంది. పైగా ‘ఉచితం’ అనే పదానికి ‘తగినది’ అనే అర్థం కూడా ఉంది. క్షేమేంద్రుడు ప్రతిపాదించిన ఔచిత్య సిద్ధాంతానికి ఆధారం ఆ అర్థమే. వెల లేనిది, స్వేచ్ఛ గలది, తగినది అనే ఈ మూడు భావనలు వీడియో గేముల ఉమ్మడి చిత్రకళా చరిత్రలో వేర్వేరు దశల్లో సమస్యలుగా ముందుకు వచ్చాయి. వాటిని కాలక్రమంలో పరిశీలిద్దాం.

2. కోడ్‌కు స్వేచ్ఛ, కళకు బంధనం

1997 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ తన ‘డూమ్’ గేము సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. 1999లో దానిని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చింది. అయితే విడుదలైనది కోడ్ మాత్రమే. గోడల చిత్రాలు, రాక్షసుల రూపాలు, శబ్దాలు, సంగీతం సంస్థ హక్కులోనే ఉండిపోయాయి. కోడ్ చేతికి వచ్చినా దానితో ఆడుకోవడానికి బొమ్మలు లేని స్థితి ఏర్పడింది. ఈ ఖాళీని పూరించడానికి పుట్టినదే ఫ్రీడూమ్. మూల గేములోని బొమ్మలకు, శబ్దాలకు బదులుగా కొత్తవాటిని సృష్టించి, ఎవరైనా వాడుకునేలా అందించడం దాని పని.

2003లో డేవిడ్ వైట్ ప్రారంభించిన ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ మరో మార్గం చూపింది. అందులో కోడ్‌తో పాటు చిత్రాలు కూడా జీపీఎల్ కిందనే వెలువడ్డాయి. కానీ జీపీఎల్ ప్రోగ్రాముల కోసం రాసిన లైసెన్సు. మార్పులు చేయడానికి అనువైన మూలరూపాన్ని కూడా అందించాలని అది కోరుతుంది. ప్రోగ్రాముకు మూలరూపం ఏమిటో తెలుస్తుంది. చిత్రానికి ఏది మూలం? పొరలు పొరలుగా గీసిన ఫైలా, తెరపై కనిపించే తుది బొమ్మా? కళకు వేరే లైసెన్సులు అవసరమన్న వాదనకు ఇటువంటి సందిగ్ధతలు బలమిచ్చాయి.

3. ఓపెన్ గేమ్ ఆర్ట్: ఉమ్మడి భాండాగారం

2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తొలి లైసెన్సులను ప్రకటించింది. కర్త పేరు చెప్పడం, అదే షరతుతో తిరిగి పంచడం, వ్యాపారానికి వాడకపోవడం, మార్పు చేయకపోవడం అనే నాలుగు నిబంధనల కలయికలే ఆ లైసెన్సులు. 2009లో బార్ట్ కెల్సీ స్థాపించిన ఓపెన్ గేమ్ ఆర్ట్ వీటిలో మొదటి రెండు నిబంధనలను మాత్రమే అంగీకరించింది. వ్యాపార నిషేధం, మార్పు నిషేధం ఉన్న చిత్రాలను స్వీకరించలేదు.

ఈ నిర్ణయం వెనుక స్పష్టమైన కారణం ఉంది. గేము తయారీలో బొమ్మను ఉన్నదున్నట్లు వాడడం అరుదు. రంగు మార్చాలి, పరిమాణం తగ్గించాలి, కదలికలు చేర్చాలి. తయారైన గేమును కొద్దిపాటి ధరకైనా అమ్ముకునే వీలుండాలి. నిషేధాలున్న బొమ్మ వెల లేకుండా దొరికినా స్వేచ్ఛ లేనిదే. ఉచితానికీ స్వేచ్ఛకూ మధ్య గీత ఇక్కడ స్పష్టంగా గీయబడింది. సాంకేతిక తాళాలతో పంపిణీ చేసే యాప్ దుకాణాలకు క్రియేటివ్ కామన్స్ నిబంధనలు అడ్డు రాగా, ఆ నిబంధనను తొలగించి ఓజీఏ–బీవై అనే ప్రత్యేక లైసెన్సును కూడా ఈ వేదిక రూపొందించుకుంది.

4. లిబరేటెడ్ పిక్సెల్ కప్: ఔచిత్య సమస్య

భాండాగారం నిండాక మరో చిక్కు బయటపడింది. ఒకరు గీసిన చెట్టు పక్కన మరొకరు గీసిన ఇల్లు పెడితే పరిమాణం, దృష్టికోణం, నీడ, వర్ణసంయోజనం ఏవీ కలవవు. వెల, స్వేచ్ఛ సమస్యలు తీరినా ‘తగినది’ అనే అర్థంలో ఉచితం కాని స్థితి ఇది.

దీనికి పరిష్కారంగా 2012లో క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఓపెన్ గేమ్ ఆర్ట్ కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ పోటీని నిర్వహించాయి. ముందుగా ఒక శైలీనిర్దేశాన్ని, మాదిరి చిత్రాలను సిద్ధం చేయించారు. నేలను 32×32 పిక్సెళ్ల పలకలుగా విభజించారు. ఆ నిర్దేశానికి లోబడి జూన్‌లో చిత్రకారులు బొమ్మలు గీయగా, జూలైలో ప్రోగ్రామర్లు వాటితో గేములు తయారుచేశారు. చిత్రాలు క్రియేటివ్ కామన్స్ సమపంపక లైసెన్సు, జీపీఎల్ మూడవ కూర్పు రెండింటి కిందా వెలువడ్డాయి.

శరీరం, జుట్టు, దుస్తులు, ఆయుధాలు వేర్వేరు పొరలుగా ఉన్నందున వాటిని కలిపి కొత్త పాత్రలను సృష్టించే పరికరం తరువాత తయారైంది. ఇక్కడే కర్తృత్వ ప్రశ్న తీవ్రమైంది. తెరపై కనిపించే ఒక్క పాత్ర వెనుక అనేకమంది చిత్రకారులు ఉండవచ్చు. లైసెన్సు ప్రకారం అందరి పేర్లూ చెప్పాలి. అందుకే ఆ పరికరం బొమ్మతో పాటు కర్తల జాబితాను కూడా అందిస్తుంది. కావ్యంలో ఆశ్వాసాంత గద్య కవి పేరును గ్రంథంతోనే ప్రయాణింపజేసినట్లు, ఈ జాబితా కర్తల పేర్లను బొమ్మతోనే పంపుతుంది. అటువంటి ఏర్పాటు లేని చాటుపద్యాల్లో ఎన్నింటికి కర్తలు తెలియకుండా పోయారో సాహిత్య విద్యార్థులకు తెలిసినదే.

5. గ్లిచ్: హక్కుల విడుదల

టైనీ స్పెక్ సంస్థ 2011లో ప్రారంభించిన ‘గ్లిచ్’ గేము 2012 డిసెంబరులో మూతపడింది. 2013 నవంబరులో ఆ సంస్థ, అప్పటికే స్లాక్ అనే సందేశ సాధనం వైపు మళ్లినది, గేములోని పదివేలకు పైగా చిత్రాలు, ఇతర అంశాలను సీసీ0 కింద పబ్లిక్ డొమైన్‌లోకి విడిచింది. మూతపడిన గేముతో పాటు కళ కూడా అదృశ్యం కావడం మామూలు. ఇక్కడ గేము పోయినా కళ నిలిచింది.

సీసీ0లో పేరు చెప్పవలసిన చట్టబాధ్యత ఉండదు. భారత కాపీరైటు చట్టం–1957లోని 21వ సెక్షన్ కర్త తన హక్కును వదులుకోవడానికి అవకాశమిస్తుంది. 57వ సెక్షన్ మాత్రం హక్కు బదిలీ అయిన తరువాత కూడా కర్తృత్వాన్ని చెప్పుకునే ప్రత్యేకాధికారాన్ని కర్తకు నిలుపుతుంది. ఆర్థిక హక్కు వేరు, కర్తృత్వం వేరు అన్న ఈ వివేకం ఉమ్మడి కళకు కీలకమైనది.

6. తెలుగు అక్షరం కూడా చిత్రమే

గేములో తెలుగు కనిపించాలంటే ఖతి కావాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, సిలికానాంధ్ర చొరవతో వెలువడిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి ఖతులు ఈ ఉమ్మడి సంపదలో తెలుగువారి వాటా. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం ఖతిని గేములో చేర్చి ఆ గేమును అమ్ముకోవచ్చు, ఖతిని మాత్రం విడిగా అమ్మకూడదు. అయితే ఖతి ఉన్నంతమాత్రాన సరిపోదు. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే శక్తి గేము ఇంజనుకు ఉండాలి. 2014లో ఎంఐటీ లైసెన్సుతో విడుదలైన గోడో ఇంజనుకు 2023లో వచ్చిన నాలుగవ కూర్పుతో ఆ శక్తి చేకూరింది. సొంత ఇంజను కొనలేని తెలుగు విద్యార్థి కూడా నేడు తన భాషలో గేము తయారుచేయగలగడానికి ఇటువంటి పంపకాలే ఆధారం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
- ‘డూమ్’ కాలంలో కోడ్‌కు దక్కిన స్వేచ్ఛ కళకు దక్కలేదు. ఆ లోటు నుండే ఉమ్మడి చిత్రకళ పుట్టింది.
- ఓపెన్ గేమ్ ఆర్ట్ ఉచితాన్నీ స్వేచ్ఛనూ వేరుచేయగా, లిబరేటెడ్ పిక్సెల్ కప్ వాటికి ఔచిత్యాన్ని జోడించింది.
- స్వేచ్ఛ పెరిగేకొద్దీ కర్త పేరు మరుగయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. పేరును కళతోనే ప్రయాణింపజేసే ఏర్పాటు లేనిచోట ఉమ్మడి ఆస్తి అనామక ఆస్తిగా మారుతుంది.

తెలుగు ప్రాంతాల్లోని చేర్యాల నకాషీ, తోలుబొమ్మల వంటి చిత్రకళలను గేములకు పనికివచ్చే రూపంలో పంచాలని సంకల్పించేవారికి ఈ చరిత్ర మార్గదర్శకం కాగలదు. ఆ కళాకారుల అనుమతి, వారి పేరు, వారు కోరిన షరతు ఈ మూడూ బొమ్మతో పాటే నమోదు కావడం అటువంటి ప్రయత్నానికి తొలిమెట్టు.